ముందేసిన ఉప్పు

కృష్ణమ్మది కవరైపేట్టై. తండ్రి రైలు స్టేషను ఎదురుగా వడ్ల వ్యాపారం చేసేవాడు. ఆ ఇంట్లో కోడి కోస్తేనే పండగ. మేకమాంసం పెళ్ళిళ్ళకు తప్ప గడప తొక్కేది కాదు. అందుకని తిరుత్తణి దగ్గర నెమలిగుంటకు, నాయుళ్ళ ఇంటికి చిన్నకోడలుగా వచ్చేదాకా ఆమె కార్జం, అంటే మేక కాలేయం, వండడం మాట అటుంచి, పచ్చి కార్జాన్ని చేత్తో తాకి కూడా ఎరగదు.

అప్పట్లో తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. నెమలిగుంటలో ఇంట్లో తెలుగు, సంతకు పోతే అరవం. మామ తిరుమలయ్య నాయుడు ఆ ఊరికి పెద్ద రైతు. భార్య పోయి చాన్నాళ్ళయింది. కొడుకులిద్దరు: పెద్దవాడు కోదండరామ, చిన్నవాడు జయరామ. ఇద్దరూ మీసాలొచ్చిన మగవాళ్ళే గానీ తండ్రి ముందర తలెత్తి మాట్లాడింది లేదు. పెద్దకోడలు అమృతవల్లి తిరునిన్రవూరు ఆడపడుచు. కృష్ణమ్మ వచ్చేనాటికి ఆమె ఆ ఇంట్లో బాగా పాతుకుపోయింది. చంకలో చంద్రావతి అనే ఆడబిడ్డ కూడా ఉండేది.

ఆదివారం పొద్దున్నే తిరుమలయ్య తిరుత్తణికి నడిచిపోయి, మేక తెగేదాకా కసాయి కొట్టు ముందర నిలబడేవాడు. మాంసం పాలేరు మోసుకొచ్చేవాడు. కార్జం మాత్రం తామరాకులో చుట్టించి ఆయనే చేతబట్టుకొని వచ్చేవాడు. కూర ఉడికేలోపల ఆ కార్జం వేపుడు, రాగిసంకటి తిని పంచలో కూర్చోవడం ఆయన అలవాటు. వారమంతా ఆ ఇంట్లో ఆయన నోట మంచిమాట ఒకటి వచ్చేదంటే అది ఆ ముద్ద గొంతు దిగినాక వచ్చేదే. "బాగుండాది అమ్మీ" అనేవాడు. ఆ మాట అమృతవల్లి ఒక్కతెకే దక్కేది. కొడుకులకు కూడా దక్కేది కాదు.

కృష్ణమ్మ కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం అమృతవల్లి ముట్టయి దొడ్లో పాకలో కూర్చుంది. తామరాకు పొట్లం కృష్ణమ్మ చేతికొచ్చింది. విప్పి చూస్తే నల్లటి ఎరుపు, తడితడిగా నిగనిగలాడతా జారిపోతా ఉంది. ఆమె పొట్లం పట్టుకొని పాక దగ్గరికి పోయింది.

"అక్కా, ఇది ఎట్లా చేసేది?"

"ఏముంది అందులో. ముక్కలు కోసి ఉప్పూ పసుపూ ముందే బాగా పట్టించు. మూతపెట్టి ఉడకనీ. పచ్చివాసన పోయేదాకా దించొద్దు. మామకు పచ్చివాసన గిట్టదు" అని చెప్పింది అమృతవల్లి. బిడ్డకు తల దువ్వుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది.

కృష్ణమ్మ అట్లనే చేసింది. ఉప్పు పడగానే ముక్కల్లోంచి నీరు ఊరింది. ఆ నీరు ఇంకేదాకా ఉడికించింది. ఇంకినాక మళ్ళీ నూనె వేసి వేయించింది. వాసన బాగానే వచ్చింది. పళ్ళెం లాంటి ఇత్తడి తట్టలో పెట్టి తెచ్చి మామ ముందర ఉంచింది.

తిరుమలయ్య ఒక ముక్క నోట్లో వేసుకొని చాలాసేపు నమిలినాడు. అరవలేదు. ముక్కను చేతిలోకి ఉమ్మి పక్కన పెట్టినాడు. కొడుకులిద్దరూ ఆకుల ముందర కూర్చొని ఉన్నారు.

"కూసో అమ్మీ" అన్నాడు కృష్ణమ్మతో.

ఆమె నిలబడే ఉంది. మగవాళ్ళ వరసలో కూర్చోమంటే ఎట్లా కూర్చోవాలో తెలియలేదు.

"కూసోమంటా ఉండా. తిను."

ఆమె కూర్చుంది. తట్ట ఆమె ముందరికి తోసినాడు. ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. ఎండిన తోలు నమిలినట్లుంది. పండ్ల కింద పిండిపిండిగా విరిగి గొంతుకు అడ్డం పడింది. నీళ్ళ చెంబు అందుకోబోతే ఆయన చెంబు పక్కకు జరిపినాడు.

"నీళ్ళు తాగితే నమలకుండా మింగేస్తావు. నమిలి తిను. నువ్వు చేసినదాని రుచి నీకు తెలియాల గదా."

తట్ట ఖాళీ అయ్యేదాకా ఆయన ఎదురుగా కూర్చొని చూసినాడు. కళ్ళనీళ్ళు ముక్కలోకి కారినా ఊరుకున్నాడు. జయరామ తన ఆకు అంచును గోటితో చీలుస్తా ఉండిపోయినాడు. పెళ్ళాం వైపు చూడలేదు. ఆ సాయంత్రం దాకా కృష్ణమ్మకు దవడలు కలవలేదు.

అమృతవల్లి పాకలో ఉన్న ప్రతి ఆదివారమూ ఇదే జరిగింది. మంట తగ్గించి చూసింది, నీళ్ళు పోసి చూసింది, ఇంకా ఎక్కువసేపు ఉడికించి చూసింది. ఎంత ఉడికిస్తే అంత గట్టిపడేది. తట్ట ఆమె ముందరికే వచ్చేది. కొన్నాళ్ళకు ఊళ్ళో కూడా తెలిసింది. ఆదివారం పొద్దున వాకిట్లోంచి పోయే ఆడవాళ్ళు, "ఏం చిన్నకోడలా, ఈపొద్దు తింటావా, తినిపిస్తావా?" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

మిగతా ఆదివారాలు అమృతవల్లి వండేది. పక్కన నిలబడి నేర్చుకుందామని కృష్ణమ్మ చూసేది. అంతా నూరి, కోసి, పొయ్యి అంటించేదాకా అక్క పక్కన ఉండనిచ్చేది. సరిగ్గా మూకుడు పొయ్యిమీదికి ఎక్కే వేళకు, "పోయి కరేపాకు దూసుకొని రా" అని దొడ్లోకి పంపేది. ఒకరోజు పీట పక్కనే కరేపాకు రెమ్మలు పడివుండగా కూడా పంపింది. కృష్ణమ్మ ఆ రెమ్మల వైపు చూసింది. దొడ్లోకి పోయింది. కానీ చెట్టు దగ్గరికి పోలేదు. వంటింటి వెనక గోడకు పొగ పోయేందుకు ఒక చిన్న కిటికీ ఉంది. కట్టెల మోపు మీదికెక్కి, పొగ కళ్ళలో పడతా ఉంటే కొంగు అడ్డం పెట్టుకొని చూసింది.

అమృతవల్లి కార్జాన్ని ఒక్కసారి చన్నీళ్ళలో ముంచి తీసింది. గోటితో పైపొర ఒలిచింది. లోపలి నరాలూ గొట్టాలూ కత్తిపీట మీద చీల్చి పారేసింది. ముక్కలన్నీ ఒక్క తీరున కోసింది, చిన్నదొకటి పెద్దదొకటి లేకుండా. గుడ్డతో తడి అద్దింది. మూకుట్లో నువ్వులనూనె బాగా కాగినాక చిన్న ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ ముద్ద వేసి వేయించింది. అప్పుడు ముక్కలు వేసి పెద్దమంట మీద గబగబా తిప్పింది. పైన రంగు మారీ మారకముందే, నొక్కితే ఇంకా లోపల ఎర్రటి చెమ్మ కనిపిస్తా ఉండగానే, మిరియాల పొడి చల్లి మూకుడు దించేసింది. మూత పెట్టి పక్కన ఉంచింది. దాని వేడికి అదే మగ్గింది. అన్నీ అయినాక, చిట్టచివర, మూత తీసి ఉప్పు చల్లింది.

కృష్ణమ్మ మోపు దిగి, కరేపాకు దూసుకొని లోపలికి పోయింది.

"ఇంతసేపా?" అంది అమృతవల్లి.

"చీమలుండాయి అక్కా చెట్టుకు."

తరువాత అమృతవల్లి పాకలో కూర్చున్న ఆదివారం కృష్ణమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. తట్ట తెచ్చి మామ ముందర పెట్టి, అలవాటు కొద్దీ పక్కన నిలబడింది. తిరుమలయ్య ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆగినాడు. మళ్ళీ ఒకటి వేసుకున్నాడు. తట్టంతా తిని, వేళ్ళు నాకి, లేచిపోయినాడు. "బాగుండాది" అని మాత్రం అనలేదు. కానీ మరుసటి ఆదివారం అమృతవల్లి చెయ్యి చాపి ఎదురు పోతే, ఆ చేతిని దాటుకొనిపోయి పొట్లం కృష్ణమ్మకు ఇచ్చినాడు. "నువ్వు చెయ్యి అమ్మీ" అన్నాడు. పెద్దకోడలితో, "నువ్వు పోయి కారం నూరు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం గిన్నెలు తోముతా అమృతవల్లి అడిగింది.

"ఎవురు నేర్పినారు నీకు?"

"నువ్వే."

"నేనా?"

"కరేపాకుకు పంపినావు గదా. దొడ్లో కిటికీ ఉండాది."

అమృతవల్లి చేస్తున్న పని ఆపింది. ఎడమచెయ్యి గాజులు పైకి తోసి ముంజేయి చూపించింది. మణికట్టు నుంచి మోచేతిదాకా చర్మం ముడుతలు పడి తెల్లగా ఉంది. వంటింట్లో కాలిన మచ్చని ఇన్నాళ్ళూ కృష్ణమ్మ అనుకుంది.

"మామ కాలే కాలే పులుసు పోసినాడు. కార్జం గట్టిగా వచ్చిందని. అప్పుడు నాకు నేర్పేదానికి ఎవురూ లేరు. నేను ఊరికే నేర్చుకోలేదు, నీకు ఊరికే ఎందుకియ్యాల?"

"నేను నమలతా ఉంటే నువ్వు పాకలో నవ్వుకున్నావా అక్కా?"

"నవ్వలేదు" అంది అమృతవల్లి. "ఆ రోజు నన్నేమీ అనడు గదా, హాయిగా నిద్రపోయినా."

ఆ తరువాత వాళ్ళిద్దరూ ఒకే వంటింట్లో ఉంటూ అవసరమైతే తప్ప మాట్లాడుకోలేదు.

అమృతవల్లికి మళ్ళీ కడుపొచ్చింది. నెలలు నిండేసరికి మనిషి తెల్లగా పాలిపోయింది. కాన్పు కష్టమైంది. మగబిడ్డ, చచ్చి పుట్టినాడు. తిరుమలయ్య ఆ వార్త విని, "మగబిడ్డనే చంపుకునిందా?" అని మాత్రం అడిగినాడు. పురిటి మంచం దిగినాక కూడా ఆమె కోలుకోలేదు. నడిస్తే ఆయాసం, కాళ్ళు వాపు. గోళ్ళు చూస్తే సున్నం పూసినట్లు. మంచం మీద నుంచి లేచి కుండెడు నీళ్ళు ఎత్తలేకపోయింది. కోదండరామ ఎట్లాగో తండ్రిని ఒప్పించి బండి కట్టించి తిరువళ్ళూరుకు తీసుకుపోయినాడు. అక్కడి డాక్టరు కంటిరెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదన్నాడు.

"మందు రాసిస్తాను గానీ, మందుకన్నా ముందు మేక కార్జం పెట్టండి. రోజూ పెట్టాలి. మాడ్చకుండా, మెత్తగా ఉండగానే తినిపించాలి. తింటే లేస్తుంది. తినకపోతే నేను చెప్పలేను."

తిరుమలయ్యకు ఖర్చు కష్టంగానే తోచింది. ఆదివారం తను తినేది ఒక ఆడదానికి రోజూ పెట్టడమంటే ఇంకా కష్టంగా తోచింది. అయినా కొడుకు మొహం చూసి సరేనన్నాడు. పాలేరు రోజూ తిరుత్తణికి పోయి తెచ్చేటట్లూ, చిన్నకోడలు వండేటట్లూ ఏర్పాటైంది.

మొదటిరోజు పొట్లం విప్పినప్పుడు కృష్ణమ్మ మనసులో ఏ కీడూ లేదు. చచ్చిన బిడ్డను తనే గుడ్డలో చుట్టింది. ఆ తెల్లటి మొహం చూసి రెండు రోజులు అన్నం తినలేకపోయింది. పొర ఒలిచింది, నరాలు తీసింది. మూకుడు పొయ్యి మీద పెట్టింది. అమృతవల్లి మంచం వంటింటి పక్క నడవలోనే వేసి ఉంది. ఆమె అక్కడి నుంచి సన్నటి గొంతుతో పిలిచింది.

"కృష్ణా."

"ఆ అక్కా."

"ఉప్పు ముందెయ్యొద్దమ్మా. చివర్లో వెయ్యి. ఉప్పు ముందేస్తే నీరంతా ఊరిపోయి తోలు మాదిరి అయిపోతాది. రంగు మారంగానే దించెయ్యి, ఏం? నాకు నమిలే బలం లేదు."

ఎంత ప్రేమగా చెప్పింది. కృష్ణమ్మ గరిటె కింద పెట్టింది. మూడేళ్ళు. మూడేళ్ళు మగవాళ్ళ వరసలో కూర్చొని దవడలు పోయేటట్లు నమిలినప్పుడు ఈ మాట ఆ నోట్లోంచి రాలేదు. తన నోట్లోకి పోయే ముద్ద అనేసరికి అడక్కుండానే వచ్చింది.

ఉప్పు గూటిలోంచి పిడికెడు ఉప్పు తీసి పచ్చి ముక్కల మీద వేసి బాగా పిసికింది. నీరు ఊరేదాకా ఆగింది. మూకుట్లో వేసి మూత పెట్టి, తీరిగ్గా పోయి చంద్రావతికి నీళ్ళు పోసి వచ్చింది.

అమృతవల్లి ఒక ముక్క నోట్లో పెట్టుకొని నమలబోయింది. చేతకాక తీసేసింది.

"గట్టిగా ఉందే."

"జబ్బు నోరు గదక్కా. అట్లనే ఉంటాది."

రెండోరోజూ, మూడోరోజూ అంతే. అమృతవల్లి మొగుడితో చెప్పుకుంది. కోదండరామ తమ్ముడి పెళ్ళాంతో ఎదురుపడి మాట్లాడే వరస కాదు; తమ్ముడితో అన్నాడు. ఆదివారం జయరామ వచ్చి అడిగితే కృష్ణమ్మ మామకు విడిగా వేయించిన దాంట్లోంచి ఒక ముక్క తీసి మొగుడి నోట్లో పెట్టింది. వెన్నలాగా కరిగింది. "బాగానే ఉంది గదా. వదినకు నోటికి రుచి పోయినాది" అని పోయి అన్నకు చెప్పినాడు. ఆ మాట తిరుమలయ్య చెవిన పడింది. ఆయన నడవలోకి వచ్చి మంచం పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు.

"రోజూ మేకలు కోయిస్తా ఉండా నీకోసరం. తినేదానికి నొప్పా?"

"గట్టిగా ఉండాది మామా. మింగుడు పడలేదు."

"నమిలి తిను" అన్నాడాయన.

ఆమె నమిలింది. పండ్ల చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చి ముక్కకు అంటింది. మధ్యలో కక్కుకుంది. ఆయన లేచి, పంచె దులుపుకొని, "దీనికి బతకాలని లేదు. నా డబ్బు పోగొట్టాలని ఉండాది" అంటూ బయటికి పోయినాడు. వంటింటి గుమ్మంలో నిలబడి కృష్ణమ్మ అంతా చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు. సంతోషమూ కాలేదు. తనను అట్లా చూస్తున్నప్పుడు అక్కకు కూడా ఇట్లనే ఉండిందేమో అనుకుంది.

ఇంట్లో ఎవరూ లేని ఒక పూట అమృతవల్లి ఆమెను దగ్గరికి పిలిచింది.

"ఉప్పు ముందేస్తా ఉండావు గదా."

"నువ్వు పాకలో కూసోని నాకు నేర్పినట్లే చేస్తా ఉండా."

అమృతవల్లి దుప్పటి గొంతు దాకా లాక్కుంది.

"నిజమే. కానీ నీకు దవడ నొప్పి పుట్టినాది. నేను చచ్చిపోతా ఉండా. రెండూ ఒకటేనా కృష్ణా?"

కృష్ణమ్మ తట్ట తీసుకొని లోపలికి పోయింది. ఆ మాట రోజంతా చెవిలో ఉంది. మరుసటిరోజు ఉప్పు చేతిలోకి తీసుకొని పొయ్యి ముందర ఆగింది. ఇప్పుడు మెత్తగా చేసి పెడితే ఇన్నాళ్ళూ చెయ్యనిది ఎందుకని అక్క అందరిముందరా అడుగుతుంది. మామ కూర్చోమంటాడు. పులుసు మరుగుతూనే ఉంది పక్కన. ఆమె ఉప్పు వేసేసింది.

మనిషి మంచానికి అతుక్కుపోయిన సమయంలో అమృతవల్లి అన్న సుందరరాజులు చెల్లెలిని చూడ్డానికి వచ్చినాడు. చూసి, వెంటనే వాకిట్లోకి వచ్చినాడు.

"మామా, మా ఇంటికి తీసుకుపోతా. అమ్మ చూసుకుంటాది" అన్నాడు.

"తీసుకోని పో. పనికొచ్చే మనిషిగా మారితే పంపించు" అన్నాడు తిరుమలయ్య. "బిడ్డ మాత్రం ఈ ఇంటిది. ఇక్కడే ఉంటాది."

ఆమెను చాపలో చుట్టినట్లు ఎత్తి బండి ఎక్కించినారు. తిరుత్తణిలో రైలు, అరక్కోణంలో ఇంకో రైలు. చంద్రావతి బండి వెంట పరుగెత్తి పడింది. కృష్ణమ్మ పోయి ఎత్తుకొచ్చింది. నెల తిరక్కముందే ఆ బిడ్డ కృష్ణమ్మ పక్కలోనే పడుకొని, ఆమెనే అమ్మా అనడం మొదలుపెట్టింది. కృష్ణమ్మకు తనకంటూ పిల్లలు కలగలేదు. ఆ పిలుపు విన్న మొదటిసారి ఆమె దిద్దలేదు. ఆ తరువాత దిద్దాలనీ అనిపించలేదు.

తిరునిన్రవూరులో తల్లి చేతి కార్జం తిని, ఏడాది తిరిగేసరికి అమృతవల్లి మెల్లగా లేచింది. మంచం మీద కూర్చుంది, గోడ పట్టుకొని నడిచింది, బావి దాకా పోయింది. నెమలిగుంటలో ఇదేమీ తెలియదు. తిరుమలయ్య పెద్దకొడుకుకు ఇంకో పెళ్ళి మాట ఎత్తినాడు. ఆమె బతికినా మగబిడ్డను కనదన్నాడు. కోదండరామ మొదట తల అడ్డం ఊపినాడు. తరువాత ఊరుకున్నాడు. ఆ ఇంట్లో ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే.

అదే రోజుల్లో ఒక మధ్యాహ్నం తిరునిన్రవూరు నుంచి గోపాలన్ అనే అరవాయన, సుందరరాజులు దగ్గర పనిచేసేవాడు, వాకిట్లోకి వచ్చి నీళ్ళడిగినాడు. మగవాళ్ళు వరి కయ్యలో ఉన్నారు. కృష్ణమ్మ చెంబు ఇచ్చింది.

"మీ అక్కకి బాగయినాదమ్మా. ఆడినెల, మీ ఆషాఢం, పోయినాక తీసుకోనొస్తామని మా యజమాని చెప్పమన్నాడు. పెద్దాయనతో చెప్తారా?"

"చెప్తాను" అంది కృష్ణమ్మ.

చెప్పలేదు. వస్తే అక్క నోరు విప్పుతుంది. వస్తే బిడ్డ పక్క మారుతుంది. సాయంత్రం తిరుమలయ్య అన్నం ముందర కూర్చొని, "ఆ పిల్ల ఎట్లుందో ఏమన్నా తెలిసినాదా?" అని అడిగినప్పుడు ఆమె చారు వడ్డిస్తా, "తెలీదు మామా" అంది. ఆడినెల మొదలవకముందే చెంగమ్మ అనే పక్కూరి పిల్లను తిరుత్తణి కొండమీద కోదండరామకు కట్టబెట్టినారు.

అమృతవల్లి వచ్చినప్పుడు వాకిట్లో చెంగమ్మ ముగ్గు వేస్తూ ఉంది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. ఎవరు కావాలని ఆ పిల్ల అడిగింది. అమృతవల్లి ఒళ్ళు నిండి, తలలో పూలు పెట్టుకొని, చేతిలో బిడ్డకోసం తెచ్చిన గాజుల పొట్లంతో నిలబడి ఉంది. వెనక సుందరరాజులు. లోపలి నుంచి తిరుమలయ్య వచ్చినాడు.

"మాకు కబురే లేదే" అన్నాడు.

"గోపాలన్ వచ్చి చెప్పినాడు గదా మామా."

"ఎవురితో?"

సుందరరాజులు గుమ్మంలో నిలబడిన కృష్ణమ్మను చూపించినాడు. అందరూ ఆమె వైపు తిరిగినారు.

"నాకెవురూ చెప్పలేదు" అంది కృష్ణమ్మ.

అమృతవల్లి కోదండరామ కోసం చూసింది. ఆయన దొడ్డిదారిన కయ్యల వైపు పోయినాడు. ఆమె కూర్చొని చేతులు చాపింది. "చంద్రా, రా అమ్మా." బిడ్డ కృష్ణమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకొని వెనక్కి దాక్కుంది. ఎవరమ్మా అది, అని కృష్ణమ్మను అడిగింది. ఆ మాట వాకిట్లో అందరికీ వినబడింది.

"ఇద్దరు పెళ్ళాల ఇల్లు మాకు కొత్త కాదు. కావాలంటే వెనక గదిలో ఉండొచ్చు. కారం నూరేదానికి మనిషి కావాలే" అన్నాడు తిరుమలయ్య.

అమృతవల్లి గాజుల పొట్లం అరుగు మీద పెట్టి, అన్న వెంట బండెక్కింది. కృష్ణమ్మ ఆ గాజులు బిడ్డకు తొడిగింది. ఎవరిచ్చినారంటే, సంతలో కొన్నానని చెప్పింది. ఇంకొన్నాళ్ళకు, నిన్ను కన్నమ్మ తిరునిన్రవూరులో చచ్చిపోయిందని ఇంట్లో అందరూ బిడ్డకు చెప్పేసినారు. అట్లా చెప్పడం సులభమని తిరుమలయ్య అన్నాడు.

తిరుమలయ్య చివరిదాకా ఆదివారాలు కార్జం తింటూనే, మంచాన పడకుండానే పోయినాడు. యుద్ధం రోజుల్లో చంద్రావతికి సంబంధం కుదిరింది. తిరువళ్ళూరులో నూనె వ్యాపారం చేసేవాళ్ళ అబ్బాయి, వాసుదేవ. తిరువళ్ళూరుకూ తిరునిన్రవూరుకూ రైల్లో ఎంతో దూరం లేదు. కృష్ణమ్మకు నిద్ర పట్టలేదు. పెళ్ళికి ముందు, ఎవరికీ చెప్పకుండా, సోల్జర్లతో కిక్కిరిసిన రైల్లో నిలబడి తిరునిన్రవూరు పోయింది.

అమృతవల్లి పొయ్యి ముందర ఉంది. పక్కన ఒక కడుపుతో ఉన్న పొరుగింటామె కూర్చొని చూస్తోంది. మూకుట్లో కార్జం. ఆ వీధిలో రక్తం తగ్గిన ఆడవాళ్ళకు అమృతవల్లే వండి చూపిస్తుందని తరువాత తెలిసింది. కృష్ణమ్మను చూసి ఆమె లేవలేదు. కూర్చోమని పీట చూపించి, పొరుగింటామెకు పని చెప్తూనే ఉంది. ఆమె పోయినాక చేతులు కడుక్కొని వచ్చి కూర్చుంది. నెత్తి సగం నెరిసింది.

"ఎందుకొచ్చినావు?"

"చంద్రకు పెళ్ళి అక్కా. నువ్వు పెళ్ళికి రావద్దని అడిగేదానికి వచ్చినా. నువ్వు చచ్చిపోయినావని పిల్లకు చెప్పినాము. పందిట్లో గొడవయితే పిల్ల బతుకు పాడవతాది."

"రాను" అంది అమృతవల్లి వెంటనే.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నమ్మలేక కృష్ణమ్మ చూసింది.

"పెళ్ళి కానీ. తాళి పడనీ. ఆ తరువాత పోతా, నా కూతురింటికి. ఏమేం జరిగినాదో ఒకటీ దాచకుండా చెప్తా. నేను నీకు చేసింది కూడా చెప్తా. నువ్వు చచ్చినాక చెప్పను. నువ్వు బతికుండంగానే చెప్తా." అమృతవల్లి లేచి చెంబుతో మజ్జిగ తెచ్చి ముందర పెట్టింది. "ఎండన పడి వచ్చినావు. తాగు."

కృష్ణమ్మ తాగింది. ఊరు చేరినాక జయరామ, యాడికి పోయినావని అడిగితే, పెళ్ళి చీరలకని చెప్పింది.

పెళ్ళి బాగా జరిగింది. అప్పగింతల్లో చంద్రావతి కృష్ణమ్మ మెడ పట్టుకొని వదల్లేదు. ముగ్గురు ఆడవాళ్ళు కలిసి విడదీసినారు. మొదటి పండక్కి పిల్లను పిలవడానికి జయరామ పోయినాడు. పంపలేదు, ఒంట్లో బాగాలేదన్నారు. రెండోసారీ అంతే. మూడోసారి కృష్ణమ్మే మురుకులూ అరిసెలూ మూటగట్టుకొని తిరువళ్ళూరు పోయింది.

తలుపు చంద్రావతే తీసింది. కడుపుతో ఉంది. మొహంలో కోపమేమీ లేదు.

"రా పిన్నమ్మా. కూసో" అంది.

కృష్ణమ్మ కూర్చుంది. చంద్రావతి నీళ్ళు తెచ్చి ఇచ్చింది, చిన్నాయన ఎట్లున్నాడని అడిగింది, చెంగమ్మ పిల్లల్ని గురించి అడిగింది. లోపల అత్తగారు తిరుగుతున్నందువల్ల మెల్లగానే మాట్లాడింది. తరువాత ఇంకా మెల్లగా అడిగింది.

"గోపాలన్ అని ఒకాయన వచ్చినాడంటనే. అమ్మకు బాగయినాదని నీతో చెప్పినాడంట. నిజమేనా?"

ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఆమె లేదనే అన్నది. ఇప్పుడూ అనొచ్చు. గోపాలన్ ఎప్పుడో పోయినాడు.

"నిజమే" అంది కృష్ణమ్మ.

చంద్రావతి తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకొని లేచింది.

"అన్నం అయినాది. తినేసి పో పిన్నమ్మా. సాయంత్రం బండికి నిన్ను స్టేషనుకు దిగబెట్టమని చెప్తా."

తినకుండా పోతే వియ్యాలవారి ముందర బాగుండదని కృష్ణమ్మ తినింది. మురుకుల మూట అక్కడే వదిలి రైలెక్కింది. ఆ కాన్పుకూ, ఆ తరువాతి కాన్పులకూ తిరునిన్రవూరు నుంచి అమృతవల్లి వచ్చి చేసిందని నెమలిగుంటలో ఎవరో ఒకరు చెప్పుకుంటుంటే ఆమె వినేది. పిల్లలు ఎవరి పోలికో అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగేది కాదు.